బీబీష్ వీపు మీద పసుపు ముళ్ళు

తాజాగుల్ పొద్దున లేవగానే పొయ్యి దగ్గరికి వెళ్ళదు. ముందు ఉప్పునీళ్ళ సంగతి చూడాలి. వంటింటి పక్క గదిలో కిటికీ వెలుతురు పడేచోట ఎనభై లీటర్ల గాజుతొట్టి ఉంది. మా మొయ్నాక్ ఊరి ఎడారి గాలికి తడి కనిపిస్తే చాలు, తాగేసి పోతుంది. అందుకని తెల్లారేసరికి తొట్టిలో నీళ్ళు వేలి మందం తగ్గి, మిగిలిన నీళ్ళలో ఉప్పు ఎక్కువవుతుంది. ఆమె వడపోసిన మంచినీళ్ళు చెంబుతో మెల్లగా పోసి, ఉప్పు కొలిచే గాజుగొట్టం ముంచి, గీత దగ్గర ఆగిందో లేదో వంగి చూస్తుంది. నీళ్ళు తిప్పే మోటారు మూతికి కట్టిన స్పాంజి విప్పి, పిండి, మళ్ళీ కడుతుంది. ఆ స్పాంజి లేకపోతే తొట్టిలో పెంచుతున్న నత్తలు మోటారులోకి పోతాయి. మొదటి ఏడాది రెండు అలాగే పోయాయి. ఆ రోజు ఆమె రొట్టె ముట్టలేదు.

తర్వాత కిటికీ గట్టు మీద వరసగా ఉన్న పదిహేడు గాజుసీసాల పని. వాటిలో కుట్టుడు పువ్వులు పెరుగుతుంటాయి. చూడ్డానికి పువ్వులే గాని నిజానికి జంతువులు. గోరంత పొడవున, కనబడీ కనబడకుండా ఉంటాయి, తాకితే చురుక్కుమనిపిస్తాయి. ఉప్పునీళ్ళ తొట్టి పెట్టుకున్నవాళ్ళని ఎవరిని కదిలించినా వీటికి శాపనార్థాలు పెడతారు. ఒకటి దూరితే నెల తిరిగేసరికి వంద అవుతాయి, చేపల్ని బతకనివ్వవు. లోకమంతా పీకి పారేసే కలుపుని తాజాగుల్ పనిగట్టుకుని సాగు చేస్తుంది. ఎందుకంటే ఆమె నత్తలు తినేది అదొక్కటే. ఇంకేం పెట్టినా, ఎంత బతిమాలినా మూతి తిప్పుకుంటాయి.

ఇవి గుల్ల లేని నత్తలు, సముద్రపువి. తెల్లని ఒళ్ళు, వీపు నిండా మెత్తని ముళ్ళు. పువ్వుని తింటాయి గాని పువ్వులోని కుట్టే గుణాన్ని అరిగించుకోవు. దాన్ని జాగ్రత్తగా వీపు మీదికి తోసి, తమ ముళ్ళ కొనల్లో దాచుకుంటాయి. తాష్కెంట్‌లోనూ అల్మాటీలోనూ తొట్లు పెట్టుకుని కుట్టుడు పువ్వులతో వేగలేకపోతున్నవాళ్ళు తాజాగుల్‌కి కబురు పెడతారు. ఆమె పిల్లనత్తల్ని థర్మాస్ ఫ్లాస్కులో పోసి మొగుడు ఓరిన్‌బాయ్ చేతికిస్తుంది. అతను మొయ్నాక్ నుంచి నుకుస్ పట్నానికి బస్సు నడుపుతాడు. అక్కణ్ణుంచి నత్తలు రైలెక్కి పోతాయి.

ఈ తొట్టి మొదట నుకుస్‌లో ఒక పళ్ళ డాక్టరుది. పువ్వులు పట్టి చేపలన్నీ చచ్చాక, పారెయ్యడానికి మనసొప్పక ఓరిన్‌బాయ్‌కి ఇచ్చేశాడు. ఆ పువ్వుల పని పట్టడానికి తాష్కెంట్ నుంచి ఆరు నత్తలు వచ్చాయి. అందులో ఒకటి బీబీష్. మామూలుగా ఈ జాతి ఏడాది బతికితే గొప్ప. బీబీష్‌కి తొమ్మిదేళ్ళు నిండాయి, బొటనవేలంత అయింది. తొట్టిలో ఒక రాయి బీబీష్‌ది, దాని మీదికి మిగతా నత్తలు రావు.

ఇక ఇంటిపెద్ద, తాజాగుల్ మామగారు. పేరు తెంగిజ్‌బాయ్. ఒకప్పుడు చేపల పడవకి సరంగు. సముద్రం ఊరిని వదిలి వెళ్ళిపోయాక పడవ ఇసుకలో ఉండిపోయింది, ఆయన ఊళ్ళో ఉండిపోయాడు. ఇప్పుడు చలి మొదలవగానే, ఇంకా నీళ్ళు మిగిలున్న చోటికి ట్రక్కులో రోజంతా ప్రయాణం చేసి వెళ్తాడు. అక్కడ డేరాల్లో ఉండి, ఒడ్డుకి నురగతోపాటు కొట్టుకొచ్చే ఉప్పురొయ్య గుడ్లు ఎత్తే ముఠాలో పనిచేస్తాడు. చేప బతకలేనంత ఉప్పుదేరిన ఆ నీళ్ళలో ఇప్పుడు బతికేది ఆ రొయ్య ఒక్కటే. ముక్కుపొడిలా ఉండే ఆ గుడ్లు కోడలి కోసం ఒక డబ్బాడు విడిగా తెస్తాడు. వాటిని ఉప్పునీళ్ళ సీసాలో వేసి బుడగలు పోనిస్తే మర్నాటికి నారింజరంగు చుక్కల్లా పిల్లలవుతాయి. పువ్వులు వాటిని తింటాయి, నత్తలు పువ్వుల్ని తింటాయి. అలా ఆ ఇంట్లో ఇప్పటికీ ముసలాయన సముద్రం మీదే ఆధారపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారు.

మా వైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు. పేరే కాదు, పేరులో ఉన్న మాట కూడా నోట రాకూడదు. తెంగిజ్ అంటే మాకు సముద్రం. కాబట్టి సముద్రపు నత్తల్ని పెంచే ఈ మనిషి పదకొండేళ్ళుగా సముద్రం అన్న మాట అనలేదు. "పెద్దనీళ్ళు" అంటుంది. ఫోనులో అల్మాటీవాళ్ళకి కూడా పెద్దనీళ్ళ నత్తలనే చెప్తే, వాళ్ళు అదేదో కొత్త జాతి అనుకుని రెండు ఎక్కువ అడిగిన రోజులున్నాయి. ఆడపడుచుని కూడా పేరు పెట్టి పిలవదు, చిట్టీ అంటుంది. మామగారి ఎదుట గొంతెత్తదు. ఆయన మాటకి అడ్డం చెప్పాల్సివస్తే "చూద్దాం లెండి మామయ్యా" అంటుంది. దాని అర్థం కుదరదని ఆడవాళ్ళందరికీ తెలుసు.

బీబీష్ మాటల ముళ్ళు కూడా తీసుకుంటుందని అత్తగారు బతికున్న రోజుల్లోనే తెలిసింది. తాజాగుల్ గొర్రెలకాపర్ల ఇంటి పిల్ల. "ఇసుకలో పుట్టినదానివి, నీకు నీళ్ళ సంగతేం తెలుసు" అని అత్తగారు ఒకరోజు నలుగురిలో అనేసింది. ఆ మాట గుండెల్లో గుచ్చుకుని ఉండగానే తాజాగుల్ తొట్టి అద్దం తుడవడానికి చెయ్యి పెట్టింది. బీబీష్ రాయి దిగి వచ్చి, ఆమె వేలెక్కి, గోరు దాకా పాకి దిగిపోయింది. మర్నాడు చూస్తే దాని వీపు మీద నీలం కొనతో కొత్త ముల్లు. తాజాగుల్‌కి మాట గుర్తుంది, నొప్పి లేదు. అత్తగారికి టీ ఇస్తూ ఇంకో చెంచా మీగడ వేసింది. అత్తగారు కారణం అడిగి తెలుసుకుని, మర్నాడు తనూ వచ్చి వేలు పెట్టింది. ఆవిడకీ ఏవో ఉంటాయి కదా. ఆ తర్వాత ఇద్దరూ నాలుగేళ్ళు చాలా ప్రేమగా ఉన్నారు, ఆవిడ పోయినప్పుడు తాజాగుల్ కన్నతల్లికి ఏడ్చినట్టు ఏడ్చింది.

సంగతి ఊళ్ళో పాకడానికి వారం పట్టలేదు. ఎదురింటి కల్ఖాన్ అక్కయ్య ప్రతి గురువారం వస్తుంది, ఎందుకంటే ప్రతి బుధవారం వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్తుంది. బడి పంతులు పరీక్షల తర్వాత వస్తాడు. దాచడమెందుకు, నేనూ ఒకసారి వెళ్ళి వేలు పెట్టాను. ఒక్కో మనిషి ముల్లు కొన ఒక్కో రంగు. కల్ఖాన్‌వి ఎరుపు, పంతులువి బూడిద రంగు. రావడానికి ఒప్పుకోనిది తెంగిజ్‌బాయ్ ఒక్కడే. తన నొప్పులు తనవనీ, వాటిని నత్తకి కట్టబెట్టేంత బీదవాణ్ణి కాననీ అనేవాడు.

పసుపు ముళ్ళు జుపార్‌వి.

జుపార్ ఆయన కూతురు, ఓరిన్‌బాయ్ చెల్లెలు. ఇరవై నాలుగేళ్ళు. ఆ రొయ్యగుడ్లు కడిగి ఆరబెట్టే షెడ్డులో పని. ఏ పెళ్ళిలోనో దావ్లెత్ అనే అబ్బాయి పరిచయమయ్యాడు. నుకుస్‌లో ఏదో ఆఫీసులో ఉద్యోగం, మంచి బట్టలు, నలుగురిని నవ్వించే నోరు. శనివారం శనివారం బస్సెక్కి మొయ్నాక్ వచ్చేవాడు. అతను ఉన్నచోట నవ్వులే నవ్వులు. కాకపోతే ఆ నవ్వులు ఎప్పుడూ ఎవరో ఒకరి మీద పుట్టాలి, జుపార్ పక్కన ఉన్నప్పుడు ఆమె మీదే పుట్టేవి. ఆమె పళ్ళు చూస్తే గుర్రాల సంత గుర్తొస్తుందనేవాడు. ఆమె పాడితే మైకు కూడా సెలవడుగుతుందనేవాడు. నలుగురూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది. ఆదివారం పొద్దున వచ్చి తొట్టిలో వేలు పెట్టేది.

మొదట్లో తాజాగుల్ పట్టించుకోలేదు. ప్రేమలో ఉన్న పిల్లకి ప్రతిదీ గుచ్చుకుంటుందిలే అనుకుంది. కాని వేసవి అయ్యేసరికి బీబీష్ వీపు సగం పసుపు అయింది. పువ్వులు పెట్టేటప్పుడు తాజాగుల్ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై, ముప్పై ఆరు, నలభై. నత్త బరువుగా పాకుతోంది. ఓరిన్‌బాయ్‌తో చెప్తే, పిల్ల సంతోషంగానే ఉంది కదా, నీకెందుకు బెంగ అన్నాడు. నిజమే, సంతోషంగానే ఉంది. ప్రతి శనివారానికీ ఒంటి మీద ఒక్క గీత కూడా లేకుండా, మొదటిసారి చూస్తున్నట్టు అతని కోసం ఎదురుచూస్తుంది. తాజాగుల్ బెంగ అదే.

సంబంధం ఖాయమైంది. పత్తి తీతలు అయ్యాక దావ్లెత్ ఇంటివాళ్ళు వచ్చి, అబ్బాయి తల్లి అమ్మాయి చెవులకి కమ్మలు పెట్టి వెళ్తుంది. మాలో కమ్మలు పెట్టించుకున్న పిల్ల ఇక వాళ్ళదే. ఆ తర్వాత వెనక్కి వెళ్ళడమంటే రెండు కుటుంబాల పరువూ బజారున పడ్డట్టే.

ఆ ముందు ఆదివారం జుపార్ వచ్చేసరికి తొట్టి మీద మూత ఉంది. బీబీష్‌కి ఒంట్లో బాగాలేదని తాజాగుల్ చెప్పింది. అబద్ధమాడటం ఆమెకి చేతకాదు, చెవులు ఎర్రబడతాయి.

"మూత తియ్యి వదినా," అంది జుపార్. "ఇవాళ్టిది పెద్దది."

"ఏమన్నాడు?"

"చెప్పను."

"నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావు చిట్టీ? రేపు నీ మాట లోపలికి మోసుకెళ్ళాల్సింది నేనే."

మాలో పెళ్ళి విషయంలో ఆడపిల్ల తండ్రితో నేరుగా మాట్లాడదు. ఔనన్నా కాదన్నా అన్న భార్యే ఆ మాట పట్టుకెళ్ళాలి.  అతను చెడ్డవాడు కాదంది జుపార్. ఒక్కరోజూ చెయ్యెత్తలేదు, తాగడు, అమ్మని బాగా చూసుకుంటాడు, నోరొక్కటే అంత అంది.

"నొప్పి పోయాక ఇంక తప్పేముంది వదినా? నువ్వు మా అమ్మతో ఇలాగే కదా నెట్టుకొచ్చావు."

 మీ అమ్మ కూడా వచ్చి వేలు పెట్టింది అందామనుకుంది తాజాగుల్. కాని దావ్లెత్ మొయ్నాక్ వచ్చినప్పుడు ఒకసారి తొట్టి చూసి, వేలు పెట్టమంటే, నాకు గుచ్చుకునేదేముంటుందని నవ్వేశాడు. ఆ నవ్వు నిజమైనదే. అతనికి నిజంగానే ఏమీ గుచ్చుకోలేదు. ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక తాజాగుల్ మూత తీసింది. జుపార్ వేలు ముంచింది. మర్నాటికి బీబీష్ వీపు మీద చిటికెన వేలి గోరంత పొడుగు ముల్లు, ముదురు పసుపు కొనతో. అంత పెద్దది అంతకుముందు ఎవరూ చూడలేదు.

కమ్మలు పెట్టే రోజు పొద్దున తెంగిజ్‌బాయ్ డేరాల దగ్గర్నుంచి ట్రక్కులో వచ్చాడు. గడ్డం నిండా ఉప్పు. కూతురి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. ఒక చేతిలో గుడ్ల డబ్బా, ఇంకో చేతిలో పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అందులో నీళ్ళు. సముద్రంలోకి మోకాలి లోతు దిగి స్వయంగా ముంచి తెచ్చాడు.

ఈ నీళ్ళ గొడవ పాతది. సరంగు ఇంట్లో పొట్లం ఉప్పుతో సముద్రం కలపడమేమిటని ఆయన ఎప్పుడూ అంటూనే ఉంటాడు. పొట్లం ఉప్పు ఏ దేశానిదో, ఎవరు దంచిందో, అసలైన నీళ్ళు మనకి లేకనా అంటాడు. మీ నీళ్ళలో ఉప్పు మూడింతలు ఎక్కువ, ఇవి చచ్చిపోతాయి అని కోడలు ఎలా అంటుంది? ఆయన బతుకంతా ఆ నీళ్ళే. అందుకని ప్రతిసారీ "చూద్దాం లెండి మామయ్యా" అనేది. పాపం ఆయన మగవాడు. చూద్దామంటే చూద్దామనే అనుకున్నాడు.

ఆ పూట పెరట్లో పెద్ద బాణలిలో తాజాగుల్ బవుర్సకుల పిండి ఉండలు వేయిస్తోంది. కల్ఖాన్ అక్కయ్యా ఆవిడ చెల్లెలూ పక్కన కూర్చుని క్యారెట్లు తరుగుతున్నారు. లోపల గదిలో ఎవరూ లేరు. కూతురి మంచి రోజున సముద్రం కూడా ఇంట్లో చుట్టంలా ఉండాలని ఆయన కోరిక. చెంబుతో తొట్టిలోంచి పది లీటర్లు తోడి పారబోసి, తెచ్చిన పది లీటర్లూ పోశాడు. అల్లా పేరు చెప్పుకున్నాడు. గడ్డం కడుక్కుని కొత్త చొక్కా వేసుకోవడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి నుకుస్‌వాళ్ళు వచ్చారు. మగవాళ్ళు పెద్దగదిలో, ఆడవాళ్ళు జుపార్ ఉన్న గదిలో. దావ్లెత్ రాలేదు, పెళ్ళికొడుకు రాకూడదు. అతని తల్లి మెత్తని మనిషి. జుపార్ చేతులు పట్టుకుని, నా ఇంటికి వెలుగు వస్తోందంది. చిన్న పెట్టె తెరిచి వెండి కమ్మ తీసింది. ఎర్రరాయి పొదిగింది, వాళ్ళ అత్తగారిది. జుపార్ తల వంచింది. కుడిచెవికి కమ్మ ఎక్కింది.

అదే సమయానికి పక్కగదిలో బీబీష్ ముళ్ళు రాల్చడం మొదలుపెట్టింది. ఈ నత్తలకి ప్రాణం మీదికొస్తే ముందు ముళ్ళు వదిలేస్తాయి. ఒక్కొక్కటే వీపు మీంచి ఊడి, నీళ్ళలో తేలి, కాసేపు మెలికలు తిరిగి కరిగిపోతోంది. కరిగిన ప్రతి ముల్లూ ఎవరిది వాళ్ళకి వెళ్ళిపోతోంది.

పెరట్లో కల్ఖాన్ అక్కయ్య కత్తి కిందపెట్టి చెల్లెలి వంక చూసింది. "నా కొడుకు పెళ్ళిలో మాంసం ఉడకలేదన్నావు నువ్వు," అంది. ఆ పెళ్ళయి ఆరేళ్ళు. బళ్ళో పంతులు సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాడు. ఆ పూట సెలవు దొరకని ఓరిన్‌బాయ్ సగం దారిలో బస్సు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, చిన్నప్పుడు ఎవరో తననన్న మాట తల్చుకుంటూ కూర్చున్నాడు. ప్రయాణికులు ఏమీ అనలేదు, వాళ్ళలో నలుగురు అదే పనిలో ఉన్నారు. నాకు నాది తిరిగొచ్చింది. అప్పుడు నేను గొర్రెలకి నీళ్ళు పెడుతున్నాను. అది ఎవరన్నారో చెప్పను గాని, ఆ సాయంత్రమే వెళ్ళి వాళ్ళతో మాట్లాడాను, పోట్లాడాక టీ కూడా ఇచ్చారు.

జుపార్‌కి నలభై మూడు వరసపెట్టి వచ్చాయి.

ఆమె కేక వెయ్యలేదు. వంచిన తల వంచినట్టే ఉంది. పక్కన నిలబడ్డ తాజాగుల్‌కి అత్తగారి ఇసుక మాట తిరిగొచ్చి గుచ్చుకుంది. జుపార్‌కి గుర్రాల సంత వచ్చింది, మైకు వచ్చింది, నడక, జుట్టు, షెడ్డు వాసన, స్నేహితుల ముందు ఆమె చదివిన తప్పు ఇంగ్లీషు మాట, అన్నీ ఇప్పుడే అన్నంత వేడిగా వచ్చాయి. అన్నిటికీ చివర ఆ పెద్ద ముల్లు. ఆఖరి శనివారం స్నేహితుల మధ్య దావ్లెత్ అన్న మాట: "మా మామ ఎవరనుకున్నారు? ఇసుక మీద కూర్చుని గాలం వేసే ముసలాయన." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తనూ నవ్వానన్నది అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

అబ్బాయి తల్లి రెండో కమ్మ తీసి ఎడమచెవి వైపు వంగింది. జుపార్ ఆవిడ చెయ్యి మెల్లగా పట్టుకుని ఆపింది. కుడిచెవి కమ్మ తనే విప్పి, కొంగుతో తుడిచి, వదిన చేతిలో పెట్టింది.

"వదినా, నాన్నకి చెప్పు. నాకు ఇష్టం లేదు."

 అబ్బాయి తల్లి ముఖం పాలిపోయింది. "మావాడు ఏం చేశాడమ్మా?" అని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగింది.

"ఏమీ చెయ్యలేదండీ," అంది జుపార్. "అన్నీ అన్నాడు."

ఆవిడ చేతిలో రెండో కమ్మ అలాగే ఉంది. దాన్ని చూస్తూ, "వాళ్ళ నాన్నా అంతే," అంది. 

తాజాగుల్ కమ్మని గుప్పిట్లో పెట్టుకుని నడవలోకి వచ్చింది. పెద్దగది గడప ఆ నడవ చివర. పదకొండేళ్ళలో మగవాళ్ళు కూర్చున్నప్పుడు ఆమె టీ పెట్టడానికి తప్ప ఆ గడప దాటలేదు. లోపల పెద్దలు దీవెన కోసం అరచేతులు పైకెత్తి ఉన్నారు. ఆ చేతులు ముఖం మీదుగా దించారంటే సంబంధం ముడిపడిపోయినట్టే. ఆమె లోపలికి వెళ్ళింది. ఎత్తిన చేతుల మధ్యనుంచి నడిచి, మామగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామయ్యా, చేతులు దించకండి."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ముసలాయన అరచేతులు అలాగే పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"చిట్టికి ఇష్టం లేదు," అని ఆమె కమ్మ చూపించింది.

"ఇది నీ మాటా, నా కూతురి మాటా?"

"మీ అమ్మాయి మాట. నేను మోసుకొచ్చానంతే." కమ్మని ఆయన ముందు పెట్టి, "నా మాట కూడా అదే," అంది.

తెంగిజ్‌బాయ్ వచ్చిన పెద్దల్ని ఒక్కొక్కరినే చూశాడు. ఆయనకి కారణం తెలియదు. ఊళ్ళో ఆ ఘడియలో తిరిగి తీసుకోవాల్సిన నొప్పి ఒక్కటీ లేని మనిషి ఆయనే, కాబట్టి ఏం జరుగుతోందో కూడా తెలియదు. ఎత్తిన చేతుల్ని ముఖం దాకా తేకుండానే నెమ్మదిగా ముడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాంసం ఉడికింది, బియ్యం పొయ్యి మీద ఉంది, తినకుండా ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్ళరు, బిడ్డ మాట మాత్రం బిడ్డదే అన్నాడు. వాళ్ళు తిన్నారు. ముఖాలు మాడ్చుకునే తిన్నారు గాని, తిన్నారు.

చుట్టాల బండ్లు కదిలాక తాజాగుల్ తొట్టి గదిలోకి వెళ్ళి చూసింది. చిన్ననత్తల్లో సగం అడుగున పడి ఉన్నాయి. బీబీష్ తన రాయి పక్కన ముడుచుకుని, ఒక్క ముల్లు లేకుండా, నున్నగా, చంటిపిల్ల ఒళ్ళులా ఉంది. నీళ్ళలో గాజుగొట్టం ముంచితే అది గీత దాటి పైకి తేలిపోయింది. ఆమె తొట్టి నీళ్ళు కొన్ని తోడేసి, మంచినీళ్ళలో పొట్లం ఉప్పు తగినంత కలిపి, సన్నని గొట్టం పెట్టి, చుక్కచుక్కగా తొట్టిలోకి వదలడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా మారిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

తెంగిజ్‌బాయ్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఖాళీ డబ్బా ఆయన చేతిలోనే ఉంది.

"నేనే పోశాను అమ్మాయ్. మన నీళ్ళు కదా అనుకున్నాను."

"నేను వద్దని చెప్పాల్సింది మామయ్యా. చూద్దామన్నాను."

"ఇంత చేదైపోయాయా మన నీళ్ళు," అన్నాడాయన. ఆ మాట ఆమెని అడిగినట్టు లేదు. డబ్బా కడిగి, వడపోత నీళ్ళు పట్టుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు. సాయంత్రం దాకా ఎనిమిదిసార్లు అలా మోశాడు. జుపార్ వచ్చి సన్నగొట్టం పట్టుకుని కూర్చుంది. ఆ అబ్బాయి ఏమన్నాడు తల్లీ అని ఆయన ఒక్కసారి అడిగాడు. నన్నేదో అన్నాడులే నాన్నా అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన మళ్ళీ అడగలేదు, కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. తన గురించిన మాట అందులో ఉందని ఆయనకి ఇప్పటికీ తెలియదు, మా ఊళ్ళో తెలిసినవాళ్ళెవరూ చెప్పరు.

బీబీష్ బతికింది. రెండో రోజుకి రాయి ఎక్కింది, ఒక పువ్వు తింది.

మూడో రోజు దావ్లెత్ వచ్చాడు. తల్లి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. గేటు దగ్గరే నిలబడి జుపార్‌ని పిలిపించాడు. ఆమె ఆప్రాన్ తియ్యకుండానే వచ్చింది. అతను మంచి మాటలే మాట్లాడాడు. బెంగగా ఉందన్నాడు, నిద్రపట్టలేదన్నాడు, కావాలంటే వేరే కమ్మలు కొంటానన్నాడు. అవన్నీ నిజమేనని ఆమెకి అనిపించింది, మనసు కొంచెం మెత్తబడింది కూడా. ఆమె ముఖంలో ఆ మెత్తదనం చూసి అతనికి ఉత్సాహం వచ్చింది.

"లేకపోతే ఏంటిది, మీ నాన్న పడవని ఇసుకెక్కించినట్టు నువ్వు మన పెళ్ళిని ఇసుకెక్కిస్తావా?" అని నవ్వాడు.

జుపార్ ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

"నొప్పెట్టింది," అంది.

"ఏంటి?"

"నువ్విప్పుడన్నది. నొప్పెట్టింది."

అతని ముఖం మీద నవ్వు ఇంకా ఉంది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. "ఇన్నాళ్ళూ అంటూనే ఉన్నాను కదా," అన్నాడు. "ఒక్కసారైనా చెప్పలేదే. వారం తిరిగేసరికి నవ్వుకుంటూ వచ్చేదానివి." అతను అబద్ధం చెప్పడం లేదు. ప్రతి శనివారం అతనికి ఎదురుపడింది ఏ గీతా పడని పిల్లే.

"ఇన్నాళ్ళూ నొప్పెట్టలేదు," అంది జుపార్.

అతను చాలాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు. అలా మాట లేకుండా అతను నిలబడగా ఆమె చూడటం అదే మొదటిసారి. చివరికి, "ఇక అనను," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"మంచిది," అంది జుపార్. "రేపు నిన్ను చేసుకునే అమ్మాయిని అనకు."

గేటు గడియ వేసింది. ఇంట్లోకి వెళ్తుంటే తొట్టి గదిలోంచి వదిన పిలిచింది, బీబీష్ వీపు మీద కొత్త ముళ్ళు మొలకలు వేస్తున్నాయి, వచ్చి వేలు పెడతావా అని. జుపార్ గుమ్మం దాకా వెళ్ళి మొలకలేస్తున్న ఆ వీపుని చూసింది. చేతులు రెండూ ఆప్రాన్ జేబుల్లో పెట్టుకుని, వద్దు వదినా అంది. ఆ మాట ఛాతీలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఆమె దాన్ని అక్కడే ఉండనిచ్చింది.